పడవ బొమ్మ గీస్తే నోళ్లు ఎందుకు తెరుచుకుంటాయి?

రెండు వారాల స్ప్రింట్, అంటే సాఫ్ట్‌వేర్ టీమ్ పెట్టుకున్న ఒక విడత పని, ముగిసింది. టీమంతా వైట్‌బోర్డు ముందు కూర్చుంది. "ఏం బాగా జరిగింది? ఏం బాగాలేదు?" అని అడిగితే కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఎప్పుడూ మాట్లాడే ఇద్దరే మాట్లాడారు. చివరికి "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని బోర్డు మీద రాసి లేచిపోయారు. పోయినసారీ అదే రాశారు.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ముద్దుగా రెట్రో అనే ఈ మీటింగ్ పూర్తి పేరు రెట్రాస్పెక్టివ్. చేసిన పనిని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, వచ్చే విడతలో ఏం మార్చుకోవాలో తేల్చుకోవడానికి పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలుగా తయారుచేయాలనే 2001 నాటి ప్రకటన ఎజైల్ మ్యానిఫెస్టోకు తోడుగా ఉన్న 12 సూత్రాల్లో చివరిది చెప్పేది దీని గురించే. ఆలోచన బాగానే ఉంది. చిక్కల్లా మన జ్ఞాపకంతోనే.

1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ బృందం ఒక ప్రయోగం చేసింది. 14 డిగ్రీల చన్నీళ్లలో ఒకసారి 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్ల మీద మరో 30 సెకన్లు ఉంచి, ఆ చివరి కాసేపట్లో నీళ్లను ఒక డిగ్రీ వెచ్చబరిచారు. మూడోసారి ఈ రెండింట్లో ఏది కావాలో మీరే ఎంచుకోండి అంటే, ఎక్కువమంది 90 సెకన్లదే కోరుకున్నారు! బాధ ఎంతసేపు పడ్డామన్నది మనసు లెక్కపెట్టదు. ఎక్కడ బాగా నొప్పెట్టింది, ఎలా ముగిసింది అన్న రెండే దాచుకుంటుంది. అందుకే శుక్రవారం రిలీజ్ సాఫీగా జరిగిపోతే, మొదటి వారంలో టెస్టింగ్ సర్వర్ పడిపోయి నాలుగు రోజులు చేతులు ముడుచుకు కూర్చున్న సంగతి రెట్రోలో ఎవరికీ గుర్తుకు రాదు. "ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు" అనే జబ్బు ఇంకొకటి. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ వెళ్లేముందు, అక్కడ ఏమేం జరగొచ్చో కొందరిచేత అంచనాలు రాయించారు పరిశోధకులు బారుక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్. పర్యటనలు ముగిశాక మీ అంచనాలు గుర్తు చేసుకోండి అంటే, నిజంగా జరిగిన వాటికి తాము మొదట్లోనే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు చెప్పుకొచ్చారు.

ఇక్కడే థీమ్, అంటే రెట్రో చర్చనంతా ఒక బొమ్మ చుట్టూ నడిపే పద్ధతి, అక్కరకొస్తుంది. బాగా వాడుకలో ఉన్నది తెరచాప పడవ. ముందుకు నెట్టింది గాలి, వెనక్కి లాగింది లంగరు, ఎదురుగా పొంచి ఉన్నవి రాళ్లు, చేరాల్సింది దీవి. చిన్నపిల్లల ఆటలా ఉందని మొదట్లో నేనూ పెదవి విరిచాను. కానీ "నువ్వు అప్రూవల్ ఇవ్వకపోవడం వల్లే లేటయింది" అనడానికి, "అప్రూవల్" అని రాసిన చీటీ తీసుకెళ్లి లంగరు కింద అంటించడానికి ఎంత తేడా ఉందో చూడండి. మొదటి మాటకు ఎదుటివాడు గొడవకు దిగుతాడు. రెండోసారి అందరి కళ్లూ బోర్డు మీదే ఉంటాయి, ఆ లంగరు ఎలా ఎత్తాలన్నదే చర్చ. పైగా రాళ్లెక్కడున్నాయని అడిగేసరికి, మామూలు రెండు ప్రశ్నల్లో చోటే లేని రాబోయే ప్రమాదాలు బయటికొస్తాయి.

బొమ్మ గీసిన వెంటనే చర్చ మొదలుపెట్టారా, మళ్లీ ఆ ఇద్దరే మాట్లాడతారు. ముందు ఓ ఏడెనిమిది నిమిషాలు అందరూ నోరు మెదపకుండా ఎవరి చీటీలు వాళ్లు రాసుకోవాలి. నలుగురు కలిసి కూర్చుని చెప్పే ఆలోచనల కన్నా, విడివిడిగా పనిచేసిన నలుగురి ఆలోచనలు కలిపితేనే ఎక్కువని 1987లో మనస్తత్వవేత్తలు మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె చూపించారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి కదా, ఆ ఆగడంలోనే ఆలోచన జారిపోతుంది.

థీమ్ ఎంచుకునేటప్పుడు టీమ్ మూడ్ చూసుకోవాలి. రిలీజ్ కుప్పకూలిన మర్నాడు నేనొకసారి సూపర్‌హీరోల థీమ్ పెట్టాను. "మీ సూపర్ పవర్ ఏంటి?" అన్న చోట, రాత్రంతా కంటిమీద కునుకు లేని ఒకామె "మెలకువగా ఉండటం" అని రాసి అంటించింది. ఎవరూ నవ్వలేదు. అలాంటి రోజున బొమ్మలు పక్కనపెట్టి, ఏ రోజు ఏం జరిగిందో తేదీలవారీగా ఒక గీత మీద రాసుకుంటే చాలు.

థీమ్ కుదిరితే ఫిర్యాదులు పెరుగుతాయి. మేనేజర్లకు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను లెక్కిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ కనిపించాయి. ఆరా తీస్తే, వాళ్లు పొరపాట్లను దాచకుండా చెప్పుకుంటున్నారని తేలింది.

సమయం విషయానికొస్తే, నెల రోజుల స్ప్రింట్‌కు గరిష్ఠంగా 3 గంటలని, స్ప్రింట్లలో పనిచేసే స్క్రమ్ పద్ధతికి నియమావళి అయిన స్క్రమ్ గైడ్ అంటుంది. రెండు వారాల పనికి గంట దాటితే నా అనుభవంలో అందరూ ఫోన్లు తీస్తారు. చివరి పావుగంట మాత్రం ఎవరు ఏం చేస్తారో తేల్చడానికి మిగుల్చుకోవాలి. మా బోర్డు మీద "టెస్టింగ్ సర్వర్" అన్న పసుపు చీటీ వరసగా మూడు రెట్రోల్లో లంగరు కిందికే చేరింది. నాలుగోసారి దాని మీద ఒక పేరు, ఒక తేదీ రాశాం. ఆ తేదీకి రెండు రోజుల ముందే కొత్త సర్వర్ వచ్చింది.