తమెంతిత్: మిల్లీమీటరు వాలు మీద నిలబడ్డ ఊరు

అల్జీరియా నైరుతి భాగంలో, అద్రార్ పట్టణానికి దక్షిణంగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో తమెంతిత్ ఉంది. కొన్ని మట్టి కోట ఊళ్లు, వాటి ఖర్జూర తోటలు కలిసిన గ్రామీణ మునిసిపాలిటీ అది. అక్కడ ఏడాది పొడుగునా పడే వాన 20 మిల్లీమీటర్లు దాటడమే అరుదు. వేసవిలో 45 డిగ్రీలు మామూలు. పారే నది లేదు, చెరువు లేదు. అయినా పద్నాలుగో శతాబ్దిలోనే అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ దీన్ని జనంతో కళకళలాడే పట్టణమనీ, మాలి దేశానికి వెళ్లివచ్చే వర్తకుల మజిలీ అనీ రాశాడు. ఎడారి మధ్యలో ఊరంటే ఒంటెలు, బిడారులే మనకు గుర్తొస్తాయి. తమెంతిత్ ఎక్కడ కట్టాలో, తోట ఎటు పెరగాలో, ఎవరు పెద్దమనిషి అనిపించుకోవాలో తేల్చింది మాత్రం నేల కింద మీటరుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున దిగే ఒక వాలు.

ముందు నేల తీరు. తూర్పున తదెమాయిత్ అనే రాతి పీఠభూమి. పడమర దిగువన సెబ్‌ఖా, అంటే ఉప్పు పర్ర. ఈ రెండింటి మధ్య సన్నని అంచు మీద ఒకదాని పక్కన ఒకటిగా ఒయాసిస్సులు ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి. ఆ వరసకే తువాత్ అని పేరు. ఇక్కడే ఎందుకంటే, అల్జీరియా, ట్యునీషియా, లిబియా దేశాల కింద దాదాపు పది లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న భారీ భూగర్భ జలాశయపు అంచు ఇక్కడ పైకి తేలుతుంది. ఇసుకరాతి పొరల్లో ఇంకిన నీరది. ఎక్కువ భాగం సహారా పచ్చగా ఉన్న పాత యుగాల నాటిది. కొత్తగా చేరేది చాలా తక్కువ. పల్లంలో ఆ నీరు కొన్ని మీటర్ల లోతులోనే తగులుతుంది. పీఠభూమి వైపు వెళ్లేకొద్దీ నీటిమట్టమూ కొద్దికొద్దిగా ఎత్తవుతుంది, దానికంటే వేగంగా నేల ఎత్తవుతుంది.

ఈ తేడానే వాడుకుంటుంది ఫొగ్గారా అనే సొరంగ కాలువ. ఎగువన నీటి పొరలోకి చొచ్చుకుపోయిన సొరంగాన్ని, నీటిమట్టం కన్నా తక్కువ వాలుతో తోట దాకా తెస్తే, మోట లేకుండా, మోటారు లేకుండా నీళ్లు తమంతట తామే నేల మీదికి వస్తాయి. తెలుగువాళ్లకు దీని చుట్టం దగ్గరలోనే ఉంది. జహీరాబాద్ దాటి బీదరు వెళ్తే, నౌబాద్ దగ్గర బహమనీల కాలపు కరేజ్ కనిపిస్తుంది. సూత్రం ఒకటే.

సొరంగం వెడల్పు మనిషి పట్టేంత, అంటే 50 నుంచి 80 సెంటీమీటర్లు. చాలాచోట్ల వంగి నడవాల్సిందే. పైన పది, ఇరవై మీటర్లకో బావి. ఆ బావుల్లోంచి ఎవరూ నీళ్లు తోడరు. తవ్విన మట్టి పైకి తీయడానికి, గాలి ఆడటానికి, తర్వాత పూడిక తీయడానికి అవి దారులు. తీసిన మట్టిని బావి చుట్టూ గట్టుగా పోస్తారు. ఎప్పుడో ఒకసారి కురిసే వాన వరద, రోజూ కొట్టుకొచ్చే ఇసుక లోపలికి జారకుండా ఆపేది ఆ గట్టే. ఉపగ్రహ చిత్రాల్లో తమెంతిత్ తూర్పు వైపు చూస్తే చుక్కలు పెట్టిన గీతల్లా కనిపించేవి ఇవే. సొరంగాన్ని దిగువ నుంచి ఎగువకు తవ్వుతారు. తగిలిన నీరు తవ్వేవాడి వెనక్కి పారిపోవాలి కదా.

వాలు విషయంలో రెండు వైపులా ప్రమాదమే. మీటరుకు ఒకటి రెండు మిల్లీమీటర్లంటే ఐదు కిలోమీటర్ల సొరంగంలో దిగేది ఐదు నుంచి పది మీటర్లు మాత్రమే. అంతకన్నా నిటారుగా ఉంటే నీటి వేగానికి అడుగు కోసుకుపోయి గోడలు కూలతాయి. మరీ చదునుగా ఉంటే మట్టి పేరుకుని నీళ్లు వెనక్కి నిలుస్తాయి.

సొరంగంలో రెండు భాగాలుంటాయని మరిచిపోతే మరమ్మతు మొత్తం బెడిసికొడుతుంది. ఎగువ భాగం నీటి పొరలో ఉంటుంది, దాని గోడల నుంచి ఊట దిగుతుంది. దిగువ భాగం పొడి నేలలో ఉంటుంది, దాని పని మోయడమే. దిగువన ప్లాస్టిక్ గొట్టం వేస్తే ఇంకుడు తగ్గుతుంది, కూలే భయం పోతుంది. మంచిదే. అదే గొట్టాన్ని రంధ్రాల్లేకుండా ఎగువకు కూడా పొడిగిస్తే ఊట గొట్టం బయటే ఉండిపోతుంది.

నీళ్లు బయటపడ్డాక కథ ఇంకా బాగుంటుంది. నేల మీదికి వచ్చిన ప్రవాహం ముందు ఒక చిన్న తొట్టిలో నెమ్మదిస్తుంది. తొట్టి చివర అడ్డంగా, దువ్వెన పళ్లలా గాడులు కోసిన రాతి పలక ఉంటుంది. దాన్ని కస్రియా అంటారు. ఒక్కో గాడి ఒక్కో కాలువకు. గాడి ఎంత వెడల్పుంటే అంత వాటా. కొంత దూరం వెళ్లాక ఆ కాలువ మరో చిన్న కస్రియా దగ్గర మళ్లీ చీలుతుంది. ఇలా చీలి చీలి చివరికి ఒక్కో కుటుంబం మడికి చేరుతుంది. తలుపుల్లేవు, తాళాల్లేవు, వంతుల్లేవు. పగలూ రాత్రీ అందరికీ ఒకేసారి పారుతుంది. తొట్టి ఎందుకంటే, నీరు దూకుడుగా వస్తే మధ్య గాడికి ఎక్కువ, అంచు గాడికి తక్కువ పోతుంది. మట్టం అంతటా ఒకటిగా నిలిస్తేనే వెడల్పు వాటాకు కొలత అవుతుంది.

వాటా కొలిచే మనిషి కియాల్ అల్ మా, అంటే నీళ్లు కొలిచేవాడు. మన పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరుగంటికి ఎంత మాట చెల్లేదో, ఇక్కడ ఇతనికి అంత చెల్లుతుంది. అతని చేతిలో వరుసలుగా రంధ్రాలు పొడిచిన రాగి రేకు ఉంటుంది. దాన్ని పారే కాలువకు అడ్డంగా నిలబెట్టి, అంచుల్లోంచి చుక్క కారకుండా తడి బంకమట్టితో మెత్తుతాడు. ముందే రంధ్రాలన్నీ మట్టితో మూసి ఉంటాయి. నీరు వెనక నిండుతుంటే ఒక్కో రంధ్రం తెరుస్తూ పోతాడు. మట్టం పెరిగితే ఇంకోటి తెరుస్తాడు, తగ్గితే ఒక చిన్నది మూస్తాడు. రేకు మీది గుర్తు దగ్గర నీరు పెరగకుండా తరగకుండా నిలిచినప్పుడు తెరిచి ఉన్న రంధ్రాలు లెక్కపెడితే అదే ఆ కాలువ ప్రవాహం.

ఆ ఓపిక ఊరికే కాదు. రంధ్రంలోంచి నీరు పోయే వేగం పైనున్న నీటి ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది. ఎత్తు 2 సెంటీమీటర్లు ఉండాల్సిన చోట 3 ఉంటే అదే రంధ్రం 22 శాతం ఎక్కువ నీళ్లు వదులుతుంది. తొందరపడి లెక్కపెట్టిన కొలతలో ఒక కుటుంబం వాటాలో ఐదో వంతు గల్లంతవుతుందన్నమాట. రంధ్రం వ్యాసంతో ఇంకా జాగ్రత్త, వ్యాసం రెట్టింపైతే ప్రవాహం నాలుగు రెట్లు.

కొలత పేరు హబ్బా. ఊరికో హబ్బా ఉంటుంది, నిమిషానికి రెండు నుంచి ఐదు లీటర్ల మధ్య. మూడు లీటర్లు అనుకుని లెక్క వేద్దాం. నీటి ఎత్తు 2 సెంటీమీటర్లయితే దానికి దాదాపు 13 మిల్లీమీటర్ల వ్యాసమున్న రంధ్రం చాలు. రోజుకు 4,320 లీటర్లు వస్తాయి. వేసవిలో మడి రోజుకు 10 మిల్లీమీటర్ల నీరు తాగుతుందనుకుంటే అది తడిపేది 430 చదరపు మీటర్లు, మన లెక్కలో పదిన్నర సెంట్లు. హబ్బాలో 24వ వంతు ఖిరాత్, రోజుకు 180 లీటర్లు. అందులో మళ్లీ 24వ వంతు ఉంది, ఏడున్నర లీటర్లు, ఒక చిన్న బిందెడు. అంత చిన్న వాటాకూ లెక్క ఉండేది, ఎందుకంటే నీటి వాటాను అమ్మొచ్చు, కౌలుకివ్వొచ్చు, పిల్లలకు పంచొచ్చు, మసీదుకు రాసివ్వొచ్చు. భూమితో పని లేకుండా నీళ్లే ఆస్తి. ఈ లెక్కలన్నీ జమామ్ అనే దస్తావేజు పుస్తకంలోకి ఎక్కుతాయి.

రాత్రి పారే నీళ్లను మడికి వదలరు. మాజెన్ అనే మట్టి తొట్టిలో నింపి, పొద్దున బిరడా లాగి ఒక్కసారిగా వదులుతారు. సన్నధారగా వదిలితే మొదటి పాదులోనే ఇంకిపోయి చివరి మడికి చేరదు. తోటలో మూడు అంతస్తుల సాగు. పైన ఖర్జూరం, మధ్యలో దానిమ్మ, అంజూర లాంటి పండ్ల చెట్లు, అడుగున గోధుమ, బార్లీ, కూరగాయలు. ఖర్జూరాన్ని నిలువునా ఎండబెట్టే బయూద్ తెగులు మొరాకో నుంచి ఈ ప్రాంతానికీ పాకింది. తకెర్బుష్త్ అనే రకం దాన్ని తట్టుకుంటుంది.

ఈ నీళ్ల మీద నిలిచిన ఊరికి బయటి ప్రపంచంతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 1447లో ఆంతోనియో మల్ఫాంతె అనే జెనోవా వర్తకుడు తువాత్ నుంచి ఇంటికి ఉత్తరం రాశాడు. అతను దిగింది తమెంతిత్‌లోనే అని చరిత్రకారుల అభిప్రాయం. అక్కడ వాన పడటమే అరుదనీ, పడితే ఉప్పుతో కట్టిన ఇళ్లు కరిగిపోతాయనీ రాశాడు. సెబ్‌ఖా పక్కన ఊరికి ఉప్పు మట్టే ఇటుక మరి. యూదులు చాలామంది ఉన్నారనీ, వర్తకం వాళ్ల చేతుల మీదుగానే నడుస్తోందనీ కూడా రాశాడు. బంగారం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, పద్నాలుగేళ్లు నల్లవారి దేశంలో తిరిగిన తన ఆతిథేయి కూడా చెప్పలేకపోయాడట. వర్తక రహస్యం కదా, తెలిసినా చెప్పి ఉండడు.

ఆ యూదు సమాజం అర్ధ శతాబ్దం కూడా నిలవలేదు. త్లెమ్‌సెన్ నుంచి వచ్చిన అల్ మఘీలీ అనే పండితుడు తమెంతిత్‌లోని యూదుల ప్రార్థనా మందిరాన్ని కూల్చాలన్నాడు. స్థానిక ఖాజీ అల్ అస్నూనీ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఫెజ్, త్లెమ్‌సెన్, ట్యునిస్ పండితుల అభిప్రాయాలు తెప్పించారు. అవి కూడా రెండుగా చీలాయి. చివరికి 1492 ప్రాంతంలో మందిరం కూలింది, యూదులు కొందరు హతమయ్యారు, మిగిలినవాళ్లు చెదిరిపోయారు. ఆ తర్వాత అల్ మఘీలీ దక్షిణానికి వెళ్లి పశ్చిమాఫ్రికాలోని కానో, సోంఘాయ్ రాజ్యాల పాలకులకు సలహాలిచ్చాడు. బిడారు దారిలో బంగారం, ఉప్పుతో పాటు వాదాలూ ప్రయాణించాయి.

ఈ ఊరికి ఆకాశం నుంచి వచ్చినదీ ఒకటుంది. అర టన్ను బరువున్న ఇనుప ఉల్క చాలాకాలం తమెంతిత్‌లోనే ఉండేది. తువాత్‌ను ఫ్రాన్స్ 1900, 1901లలో ఆక్రమించింది. 1927లో ఉల్కను పారిస్ మ్యూజియానికి తరలించారు.

ఫొగ్గారా గురించి ముచ్చటపడి చెప్పేవాళ్లు తరచూ దాటేసే సంగతి, ఆ సొరంగాలు తవ్విందెవరన్నది. సహారా దక్షిణం నుంచి బానిసలుగా తెచ్చినవారు, హరాతీన్ అనే నల్లజాతి పాలేర్లు. సాగు చేసినదానికి పంటలో ఐదో వంతు వాళ్లది. జమామ్‌లో వాళ్ల పేర్లు అరుదు. 1971 వ్యవసాయ సంస్కరణ ఐదో వంతు పాలేరుతనాన్ని రద్దు చేసింది. చమురు బావుల్లో, అద్రార్‌లో జీతాల పనులు దొరికాయి. ఇరుకు సొరంగంలో కూర్చుని పూడిక తీసే పని వదిలి జనం వెళ్లిపోయారంటే వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇప్పుడు తువీజా అనే ఊరుమ్మడి పని రోజుల్లోనే ఎక్కువగా శుభ్రం చేస్తారు, అది చాలదు.

కూలీల కొరత కన్నా పెద్ద దెబ్బ నీటిమట్టం తగ్గడం. సాగులోకి తెచ్చినవాడికే ఎడారి భూమి అని 1983లో చట్టం వచ్చాక, లోతైన బోర్లతో పెద్ద పెద్ద పొలాలు వెలిశాయి. బోరు నీటిపొర ఎంత కిందికి పోతే అంత కిందికి దిగుతుంది. ఫొగ్గారా దిగలేదు. ఉదాహరణకు సొరంగం మీటరుకు 1.5 మిల్లీమీటర్లు, నీటిపొర 3 మిల్లీమీటర్లు ఎక్కుతున్నాయనుకుందాం. నీటిమట్టం ఒక్క మీటరు తగ్గితే, రెండూ కలిసే చోటు దాదాపు 670 మీటర్లు ఎగువకు జరుగుతుంది. పోయిన ఊట తిరిగి రావాలంటే అంత పొడుగు సొరంగం, పదిహేను మీటర్లకొకటి చొప్పున నలభై నాలుగు కొత్త బావులు. అదీ ఒకదాన్ని మించి ఒకటి లోతుగా. రెండో దారి సొరంగం అడుగు తవ్వి దింపడం. కానీ అడుగు దిగితే నీరు బయటపడే చోటు కూడా దిగుతుంది, కస్రియా దిగాలి, మడులూ దిగాలి. తరతరాలుగా తోటలు ఇలాగే తవ్వుకుంటూ సెబ్‌ఖా వైపు జరిగాయి. ఆ కొసన ఉప్పు కాచుకుని ఉంటుంది. మడి నుంచి దిగిన నీరు పోవడానికి ఇంకా పల్లం లేనప్పుడు అక్కడే ఆవిరై, తెల్లటి పొరగా పేరుకుంటుంది.

1998 సర్వేలో అద్రార్ ప్రాంతంలో లెక్కకొచ్చిన ఫొగ్గారాలు 1,400 పైచిలుకు, నీళ్లున్నవి వాటిలో 900 పైచిలుకు. తమెంతిత్, సిద్ అహ్మద్ తిమ్మి ఒయాసిస్సులను 2001లో రామ్సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. సహారా నడుమ చిత్తడి నేల అంటే నవ్వొస్తుంది కానీ, సొరంగాలు, తోటలు, సెబ్‌ఖా కలిపి చూస్తే సరైన పేరే.

ఇప్పుడు కొన్నిచోట్ల ఫొగ్గారాలోకి బోరు నీళ్లు వదిలి ప్రవాహం నిలబెడుతున్నారు. తోట బతుకుతుంది, చిక్కులూ వస్తాయి. పగలూ రాత్రీ ఒకటిగా పారిన కాలువ కరెంటుతో పాటు ఆగి వస్తుంది. కస్రియా గాడులు నిండు ప్రవాహానికి కోసినవి. నీరు పలచబడితే పలక ఏ కొంచెం ఒరిగి ఉన్నా పల్లపు గాడే లాగేసుకుంటుంది, కాగితం మీది వాటాకూ కాలువలోని వాటాకూ పొంతన ఉండదు. అప్పుడు మళ్లీ రాగి రేకు పెట్టి కొలిచి, గాడులు సరిచేయాలి. చేయగల కియాల్‌లు తగ్గిపోతున్నారు, కుర్రవాళ్లు ఈ పనిలోకి రావడం లేదు. అందుకే 2018లో యునెస్కో తువాత్, దాని పక్కనున్న తిదికెల్త్ ప్రాంతాల నీటి కొలతగాళ్ల విద్యను వెంటనే కాపాడాల్సిన వారసత్వాల జాబితాలోకి తీసుకుంది.