పాత జేసీబీ కొనేవాళ్లకు: ఇంజిన్ సౌండ్ విని అడ్వాన్స్ ఇవ్వకండి

అనంతపురంలో తాడిపత్రి రోడ్డు మీద నా షెడ్డు. పదిహేడేళ్లుగా జేసీబీలు విప్పుతున్నా, బిగిస్తున్నా. (పసుపు రంగు బండి ఏ కంపెనీదైనా మన దగ్గర జేసీబీనే, నేనూ అలాగే రాస్తాను.) నెలకు ఇద్దరు ముగ్గురైనా ఒకే మాటతో ఫోన్ చేస్తారు. "అన్నా, బండి చూసినాం. సెల్ఫ్ కొట్టంగానే స్టార్ట్ అయింది, పొగ లేదు, ఇంజిన్ సౌండ్ సూపర్. అడ్వాన్స్ ఇచ్చేద్దామా?" వింటే కడుపు మండుతుంది. ఆ అబ్బి మీద కోపం కాదు, అంతవరకే చూస్తే చాలని అతనికి నేర్పినవాళ్ల మీద.

అపోహ: ఇంజిన్ బాగుంటే బండి బాగున్నట్టే

జేసీబీలో ఇంజిన్‌కు దాపరికం తక్కువ. చెడిపోతే పొగ వదులుతుంది, ఆయిల్ తాగుతుంది, ఊరంతా వినేలా అరుస్తుంది. దాన్ని చేయడానికి ప్రతి టౌన్‌లోనూ మెకానిక్ దొరుకుతాడు. అసలు డబ్బు తినేవి వేరే ఉన్నాయి: ఆయిల్ ప్రెషర్‌తో బకెట్లను ఎత్తించే హైడ్రాలిక్ పంపు, టార్క్ కన్వర్టర్‌తో (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది) కలిపి గేర్‌బాక్స్, వెనక బూమ్ (తవ్వే పొడవాటి చెయ్యి) పక్కలకు తిరిగే ఇరుసు, అంటే కింగ్‌పోస్ట్. పంపు, గేర్‌బాక్స్ జబ్బులైతే బండి చల్లగా ఉన్నంతసేపు బయటపడవు.

ఎందుకంటే చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది. పంపు లోపల అరిగినా ఆ చిక్కదనం వల్ల ప్రెషర్ నిలుస్తుంది. గంట పని చేశాక ఆయిల్ కాగి పలచబడుతుంది, అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది. అప్పుడు బూమ్ మూలుగుతూ లేస్తుంది. గేర్‌బాక్స్ కూడా అంతే. వేడెక్కాక ఫార్వర్డ్ వేస్తే రెండు మూడు సెకన్లు ఆలోచించి కదులుతుంది, మిట్ట దగ్గర ఇంజిన్ అరుస్తుంది గానీ చక్రం తిరగదు.

కాబట్టి ఇంజిన్‌ను చల్లగా చూడాలి, మిగతా బండినంతా వేడిగా చూడాలి. మనవాళ్లు సరిగ్గా తలకిందులు చేస్తారు. మీరు వచ్చేలోపే అమ్మేవాడు సులువుగా స్టార్ట్ కావాలని ఇంజిన్ కాసేపు నడిపి వెచ్చగా పెట్టి ఉంటాడు. తర్వాత ఐదు నిమిషాలు బూమ్ పైకీ కిందికీ ఆడించి చూపిస్తాడు. టీ తెప్పిస్తాడు. పని అయిపోయింది.

నాలుగేళ్ల కిందట గార్లదిన్నె దగ్గరి పల్లె నుంచి ఒక కుర్రాడు, వాళ్ల నాయన నా దగ్గరికి వచ్చారు. బోర్లు ఎండి చీనీ తోట పోయింది, మిగిలిన బంగారం కుదవ పెట్టి, లోను తీసుకుని బళ్లారి వైపు నుంచి బండి తెచ్చుకున్నారు. "సామీ, పొద్దున బాగా చేస్తాది. పదకొండు దాటితే నీరసపడతాది. ఎండకేమో" అన్నాడు పెద్దాయన. అప్పటికే రేడియేటర్ కడిగించారు, డీజిల్ ఫిల్టర్లు మార్చారు. క్యాబిన్‌లో మ్యాట్ ఎత్తితే ఎర్రటి గని దుమ్ము గడ్డకట్టి ఉంది, అంటే గనుల్లో నలిగిన బండి. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీస్తే మాడిన వాసన. ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూపించాను, వెండి రజనులా మెరిసింది, లోపలి ఇనుము అరిగి అందులో కలిసింది. పెద్దాయన నా వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. పంపు, గేర్‌బాక్స్ కలిపి రెండు లక్షలు దాటింది, మొదటి కంతు కట్టకముందే. ఆ లెక్క చెప్పడానికి నాకే నోరు రాలేదు.

అందుకే పొద్దున ఆరింటికి, చెప్పకుండా వెళ్లండి. ముందు బానెట్ మీద, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయించండి. ఇంజిన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి అక్కడే బోర్లా పెట్టండి. అది ఎగిరెగిరి పడితే పిస్టన్ రింగులు అరిగి గాలి దాటుతోందని అర్థం. ఇంజిన్ సంగతి ఇక్కడితో చాలు.

తర్వాత గంటసేపు తవ్వించండి. నల్లరేగడిలో తవ్వి చూపిస్తే ఒప్పుకోవద్దు, గరుసు నేల చూపించమనండి. డీజిల్ డబ్బులు మీరే ఇవ్వండి, లక్షల బేరంలో ఆ ఐదారు లీటర్లకు వెనకాడకండి. బండి బాగా కాగాక ముందు బకెట్ నిండా మట్టి ఎత్తించి, ఇంజిన్ ఆపించి పది నిమిషాలు చూడండి (దాని కింద మాత్రం నిలబడవద్దు). పాత బండి కాస్త దిగుతుంది, అది సహజం. జానెడు దిగితే సీళ్లో, ఆయిల్‌ను అటూ ఇటూ మళ్లించే వాల్వ్ బ్లాకో పోయినట్టు. వెనక బూమ్ చాచి, బకెట్‌ను నేలకు అడుగు ఎత్తులో ఆపి పక్కకు ఊపండి, కింగ్‌పోస్ట్‌లో ఎంత ఆట ఉందో చేతికే తెలుస్తుంది. పిన్నుల మీద కొత్త గ్రీజు దట్టంగా ఉంటే గుడ్డతో తుడిచి మరీ చూడండి, లూజును దాచేది అదే.

"గంట తవ్వడం కుదరదు, వేరేవాళ్లు కూడా అడుగుతున్నారు" అంటే వాళ్లకే ఇమ్మనండి.

అపోహ: మీటర్ తక్కువ తిరిగింది, కాబట్టి బండి కొత్తదే

బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్‌ను మార్చడం పెద్ద పనేం కాదు. రోజుకు ఆరు గంటలు, నెలకు ఇరవై రోజులు వేసుకున్నా ఏడాదికి 1,440 గంటలు. పదేళ్ల బండికి 4,800 చూపిస్తే నవ్వి ఊరుకోండి. పెడల్ రబ్బర్లు, లివర్ గుండ్లు అరిగిన తీరు మీటర్ కంటే నిజం చెబుతాయి.

అపోహ: కొత్త పెయింట్ అంటే బాగా చూసుకున్న బండి

ఈ దెబ్బ నేనే తిన్నాను. 2011లో మా బావమరిదితో కలిసి ఒక బండి కొన్నాం. మెకానిక్‌నే కదా అని ధీమా. ధర్మవరం దగ్గర పైపులైను పనిలో వెనక చెయ్యి అడుగు రేకు పగిలింది. చూస్తే పెయింట్ కింద పాత వెల్డింగ్, దాని మీద ఇంకో వెల్డింగ్. ఇప్పుడు స్క్రూడ్రైవర్ లేకుండా బండి చూడను, అడుగు వైపు గీకకుండా మాట్లాడను.

అపోహ: పాత బండ్లే గట్టి, కొత్తవి సెన్సార్ల గోల

సగం నిజం. 2021 ఏప్రిల్‌లో కొత్త పొల్యూషన్ నిబంధనలు వచ్చాక తయారైన బండ్లలో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి, అంతకుముందు వాటిని మన షెడ్డులోనే విప్పుకోవచ్చు. విప్పడం సులువు కదా అని అరిగిపోయింది కొనుక్కుంటామా?

అపోహ: పొలం పనికే కదా, కాగితాలెందుకు

రోడ్డెక్కే బండికి రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి. కర్ణాటక బండైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఫైనాన్స్ ఉంటే అది తీరిందని ఫారం 35, పేరు మారడానికి 29, 30. ఛాసిస్ నంబర్ మీద మట్టి తుడిచి, ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూసుకోండి. "కాగితాలు తర్వాత పంపిస్తాం" అన్నవాళ్లకు మీరూ డబ్బులు తర్వాతే పంపించండి.

మొన్న ఉరవకొండ నుంచి ఒకతను పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు. బండి దగ్గరే ఉన్నాడట. "అన్నా, బానెట్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఇప్పుడే దింపినామంటున్నారు." టీ తాగి వచ్చేయ్, రేపు ఐదున్నరకే మళ్లీ పో అన్నాను.