పిస్గా కొండ అడవిలో టెంటు: అపోహలు – వాస్తవాలు

నేను అమెరికాలోని షార్లెట్‌లో ఉంటాను. 12 ఏళ్లుగా ఏటా వసంతంలో ఒకసారి, ఆకులు రంగు మారేటప్పుడు ఒకసారి తెలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని నార్త్ కరోలినా పడమటి కొండల్లోని పిస్గా నేషనల్ ఫారెస్ట్‌కు వెళ్తుంటాను. జీవితంలో మొదటిసారి టెంటులో పడుకోబోయేవాళ్లకు అన్నీ దగ్గరుండి నేర్పిస్తాను. ప్రయాణానికి వారం ముందు నుంచే ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఎలుగుబంటి వస్తే?" "అక్కా, పాములుంటాయా?" ఎప్పుడూ ఈ రెండే. నేల చలి గురించి ఎవరూ అడగరు. వాగు ఎంత దూరంలో ఉందని అడగరు. కుంపటి టెంటులో పెట్టుకోవచ్చా అని అడగరు, పెట్టేసుకుంటారు. నాకు నిద్ర పట్టనివ్వనివి ఈ అడగని సంగతులే. అందుకే ముందు వాటి గురించి చెబుతాను.

అపోహ: మందపాటి గాలి పరుపు వేసుకుని, రెండు రజాయిలు కప్పుకుంటే చలి ఏం చేస్తుంది?

నా మొదటి అక్టోబరు ప్రయాణంలో నేనూ ఇలాగే అనుకున్నాను. ఇంటికి చుట్టాలొస్తే వేసే గాలి పరుపునే పట్టుకెళ్లాను. జానెడు పైనే మందం ఉంటుంది. రాత్రి ఒంటిగంటన్నరకు మెలకువ వచ్చింది. రజాయి కింద ఛాతీ వెచ్చగానే ఉంది, వీపు మాత్రం ఐసుగడ్డకు ఆనించినట్టుంది. పక్కకు తిరిగితే ఆ పక్క చల్లబడింది. ఆరేళ్ల మా అమ్మాయి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని వణుకుతోంది. దాన్ని ఎత్తుకెళ్లి కారులో పడుకోబెట్టి తెల్లారేదాకా కూర్చున్నాను.

ఆ రాత్రి మమ్మల్ని వణికించింది కిందనున్న నేల. పరుపులో ఉన్న గాలి ఒకచోట నిలవదు. లోపల తిరుగుతూ మన ఒంటి వేడిని తీసుకెళ్లి నేలకు ఇచ్చేస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా మన బరువుకు దాని అడుగు భాగం నలిగిపోయి వెచ్చదనం పోతుంది. మా తాతయ్య పుష్యమాసంలో కళ్లం దగ్గర కాపలా పడుకునేవారు. పైన ఒక్క దుప్పటి. కింద మాత్రం మూరెడు మందాన వరిగడ్డి, దానిమీద గోనెపట్టా. గడ్డిపరకల మధ్య చిక్కుకున్న గాలి కదలదు, అందుకే ఆ ఒక్క దుప్పటి సరిపోయేది. స్లీపింగ్ ప్యాడ్‌ల మీద ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, కింద పరిచింది నేల చలిని ఎంత ఆపుతుందో అది చెబుతుంది, ఈ గడ్డి సంగతే. మామూలు గాలి పరుపుకు అది 1కి అటూఇటూ ఉంటుంది. చుట్ట చుట్టి కట్టుకునే సన్నటి ఫోమ్ ప్యాడ్‌కే 2 దాకా వస్తుంది. నీళ్లు గడ్డకట్టే చలి దగ్గరకు వెళ్లే రాత్రులకు 4 ఉండాలి. ఒకదానిమీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి. కాబట్టి ఇంట్లో ఉన్న పరుపు పారేయక్కర్లేదు, దానిమీద రెండు ఫోమ్ ప్యాడ్‌లు పరిస్తే చాలు.

స్లీపింగ్ బ్యాగ్ మీద 30 డిగ్రీలు (ఫారెన్‌హీట్) అని రాసి ఉంటే 30 దాకా హాయిగా నిద్ర పడుతుందని కాదు. చాలా బ్యాగులకు అది ముడుచుకుని తట్టుకోగల హద్దు మాత్రమే. హాయిగా పడుకోవాలంటే దానికి 10 డిగ్రీలు కలుపుకోండి. ఇంకొక లెక్క. షార్లెట్ సుమారు 750 అడుగుల ఎత్తులో ఉంది, పిస్గాలోని బ్లాక్ బాల్సమ్ నాబ్ అనే శిఖరం 6,214 అడుగులు. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు మూడున్నర ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతాయి. ఇక్కడ 60 ఉన్న రాత్రి అక్కడ 40 దగ్గర ఉంటుంది, పైగా గాలి. ఫోన్‌లో మీ ఊరి వాతావరణం చూసి బట్టలు సర్దకండి.

అపోహ: మంట ఆరిపోయిన బొగ్గులే కదా, కాసేపు టెంటులో పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది.

పెట్టకూడదు. ఈ ఒక్క విషయం నేను మెత్తగా చెప్పను.

ఒక ఏడాది చికెన్ కాల్చుకున్నాక ఒక కుటుంబం ఆ చిన్న గ్రిల్‌ని టెంటు ముందరి వసారాలోకి జరిపి జిప్పు వేసేసుకుంది. పాలు కావాలా అని అడగడానికి వెళ్లి చూశాను. "నిప్పు లేదక్కా, బూడిదే" అన్నాడు ఆ తమ్ముడు. లోపల పెద్ద పిల్లాడు తలనొప్పి అంటున్నాడు, చిన్నది అన్నం తిన్న అరగంటకే మగతగా పడి ఉంది. ఇద్దర్నీ బయటికి లాక్కొచ్చి చల్లగాలిలో కూర్చోబెట్టాం. కాసేపటికి తేరుకున్నారు. ఆ పాల సంగతి అడగడానికి నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లుంటే ఏమయ్యేదో తలుచుకోవడం నాకిష్టం లేదు.

బూడిద కప్పుకున్న బొగ్గు గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగలా దగ్గు కూడా తెప్పించదు, నిద్రలోనే పని ముగిస్తుంది. కిటికీ కొంచెం తెరిచి పెట్టినా నమ్మకం లేదు. గ్యాస్ స్టవ్, గ్యాస్ హీటర్ కూడా అంతే. వాన పడుతోందని టెంటులో టీ పెట్టొద్దు. లంబసింగిలో, అరకులో చలికాలం టెంట్లు వేసేవాళ్లకూ నేను ఇదే మాట చెబుతాను. వెచ్చదనం కావాలంటే గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, దానికి సాక్సు తొడిగి, స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకోండి. తెల్లవారుజాము దాకా వెచ్చగా ఉంటుంది. పిల్లలకైతే మరీ వేడిగా లేకుండా చూసుకోండి.

అపోహ: ఎలుగుబంటి మనుషుల మీద పడటానికే వస్తుంది, చచ్చినట్టు పడుకుంటే వదిలేస్తుంది.

మన భయానికి కారణం ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో ఎలుగుబంట్లు మనుషుల మీద పడిన వార్తలు చూస్తూ పెరిగినవాళ్లం. అవి వేరే జాతి, బెదిరితే వెంటనే మీద పడతాయి. పిస్గాలో ఉండేది నల్ల ఎలుగుబంటి. మనిషి అలికిడి వింటే చాలావరకు తప్పుకునే రకం. అది వచ్చేది మన కోసం కాదు, మన పులిహోర కోసం.

దాని ముక్కు చాలా గొప్పది. ఆవకాయ సీసా, పాల పౌడర్, అరటిపండు తొక్క మాత్రమే కాదు, టూత్‌పేస్ట్, తలనూనె, పసిపిల్లల వైప్స్ కూడా దానికి తిండి వాసనే. ఇవేవీ టెంటులో ఉండకూడదు. రాత్రి మూత పెట్టిన గిన్నె బల్లమీద వదిలేస్తే వదిలేసినట్టు కాదు, పిలిచినట్టు. కారు పక్కనే టెంటు వేసే క్యాంప్‌గ్రౌండ్‌లో అయితే అన్నీ కారులో పెట్టి, అద్దాలు మూసి, తాళం వేయండి. తాళం వేయని కారు తలుపు హ్యాండిల్ పట్టి లాగి తెరవడం ఈ కొండల ఎలుగుబంట్లకు తెలుసు. నడిచి వెళ్లి షైనింగ్ రాక్ అనే రక్షిత అడవి, బ్లాక్ బాల్సమ్ వైపు రాత్రి ఉండాలంటే తిండి దాచడానికి ఎలుగు తెరవలేని బేర్ క్యానిస్టర్ అనే గట్టి డబ్బా తప్పనిసరి.

ఎదురుపడితే పరుగెత్తకండి. పిల్లల్ని దగ్గరకు తీసుకుని, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, దానివైపే చూస్తూ వెనక్కి నడవండి. ఒకవేళ నిజంగా మీద పడితే దొరికినదానితో దాని ముఖం మీద కొట్టాలి. చచ్చినట్టు పడుకోవాలని చిన్నప్పుడు అందరం విన్నాం, నల్ల ఎలుగుబంటి దగ్గర అది తప్పు. ఇంకో మాట, మనసులో బాధతో చెబుతున్నాను. ఫొటో కోసం చపాతీ ముక్క విసిరితే ఆ ఎలుగు మనుషుల దగ్గర తిండి ఉంటుందని నేర్చుకుంటుంది. మళ్లీ మళ్లీ వస్తుంది. చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది.

పాముల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కాపర్‌హెడ్, రాటిల్‌స్నేక్ అనే విషపాములు రెండూ ఉన్నాయి. జిప్పు వేసి ఉన్న టెంటులోకి రావు. రాత్రి టార్చ్ లేకుండా, చెప్పులు లేకుండా తిరగకండి. కనపడని చోట చేయి పెట్టి కట్టెలు ఏరకండి. ఆకురాలే ముందు నేలలో గూళ్లు పెట్టుకునే పసుపుపచ్చ కందిరీగల వల్ల నా గుంపులో దెబ్బ తిన్నవాళ్లు చాలామంది, పాము వల్ల ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

అపోహ: వాగు పక్కన టెంటు వేస్తే ఎంత బాగుంటుందో!

బాగుంటుంది, వాన రానంతవరకు. పిస్గా దక్షిణపు కొండలు తూర్పు అమెరికాలో బాగా ఎక్కువ వాన పడే చోట్లలో ఒకటి. లుకింగ్ గ్లాస్ లాంటి జలపాతాలు అన్ని ఉన్నది అందుకే. ఇరుకు లోయల్లో పైన ఎక్కడో పడిన వాన మన దగ్గరకు గంటల్లో కాదు, నిమిషాల్లో వస్తుంది. 2021 ఆగస్టు 17న ఫ్రెడ్ తుఫాను వానలకు పిజియన్ నది తూర్పు పాయ పొంగి, అడవి అంచునున్న క్రూసోలో 6 మంది చనిపోయారు. నది ఒడ్డున ఉన్న క్యాంప్‌గ్రౌండ్ కొట్టుకుపోయింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు మౌంట్ మిచెల్ పాదాన ఉన్న బ్యూసిక్‌లో మూడు రోజుల్లో 30 అంగుళాలకు పైగా కురిసింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసే వాన ఇంచుమించు అంతే.

నీటికి కనీసం 200 అడుగుల దూరంలో, ఒడ్డు కంటే ఎత్తులో ఉండే చోటు చూడండి. గడ్డి, చెత్త ఒకే వైపుకు వాలి ఒక గీతలా పేరుకుని ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చాయని అర్థం. తరువాత తల పైకెత్తి చూడండి. ఇది ఎవరూ చేయరు. ఒక పురుగు వల్ల ఇక్కడి హెమ్లాక్ చెట్లు వందలకొద్దీ నిలువునా ఎండిపోయాయి, హెలీన్ తరువాత సగం ఒరిగిన చెట్లూ ఉన్నాయి. వాటి కింద వద్దు.

టెంటు కింద వేసే పట్టా టెంటు కంటే పెద్దదిగా ఉంటే మంచిదనుకుంటారు. బయటికి వచ్చిన అంచు మీద పడిన వాన మొత్తం జారి టెంటు కిందికే చేరుతుంది. అంచులు నాలుగువైపులా లోపలికి మడవండి. చుట్టూ కాలువ తవ్వడం పాత పద్ధతి, అడవి నేలను పాడు చేస్తుంది, ఇప్పుడు చేయకూడదు. తెల్లారి గోడలు తడిగా ఉంటే టెంటు కారిందని తిరిగి ఇచ్చేయకండి. అది మన ఊపిరి చెమ్మ. చలి అని అన్ని కిటికీలూ బిగించేస్తే నలుగురి ఊపిరి ఎక్కడికి పోతుంది? పైన గాలి రంధ్రాలు తెరిచే ఉంచండి. ఇంకా, నలుగురి టెంటు అంటే నలుగురు భుజాలు ఆనించుకుని పడుకునేంత చోటు, బ్యాగులకు చోటుండదు. మీరు నలుగురైతే ఆరుగురిది కొనండి.

అపోహ: నేషనల్ ఫారెస్ట్, నేషనల్ పార్క్ రెండూ ఒకటే.

పక్కనే ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ వేరు, ఇది వేరు. పార్కులు అంతర్గత వ్యవహారాల శాఖ కింద ఉంటాయి, ఫారెస్ట్‌లు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. పిస్గా పుట్టుక కూడా ముచ్చటైనదే. 1911లో వచ్చిన వీక్స్ చట్టంతో తూర్పు రాష్ట్రాల్లో ప్రైవేటు భూములు కొని అడవులు చేసే వీలు వచ్చింది. ఈ భూముల యజమాని, ధనవంతుడు జార్జ్ వాండర్‌బిల్ట్ చనిపోయిన 1914లో ఆయన భార్య ఈడిత్ సుమారు 87,000 ఎకరాలు ప్రభుత్వానికి అమ్మింది. 1916లో ఈ అడవి ఏర్పడింది.

తేడా మనకు ఎక్కడ తగులుతుందంటే, ఫారెస్ట్‌లో వేట ఉంటుంది. ఆకురాలే కాలంలో కాలిబాటల్లో తిరిగేటప్పుడు పిల్లలకూ పెద్దలకూ నారింజ రంగు చొక్కా వేయండి. డేవిడ్సన్ రివర్ లాంటి క్యాంప్‌గ్రౌండ్‌లలో డబ్బు కట్టి సైటు బుక్ చేసుకోవాలి. బయట అడవిలో చాలాచోట్ల ఉచితంగా ఉండొచ్చు. అయితే ఉచితం అంటే ఎక్కడైనా అని కాదు. గుర్తించిన సైట్లలో తప్ప, కార్లు తిరిగే రోడ్డుకు 1,000 అడుగుల లోపల టెంటు వేయకూడదు. బయల్దేరే ముందు రేంజర్ ఆఫీసుకు ఒక ఫోన్ చేస్తే ఏ రోడ్డు మూసి ఉందో, మంటకు అనుమతి ఉందో చెబుతారు.

అపోహ: కొండ నీళ్లు కదా, స్వచ్ఛంగా ఉంటాయి.

చూడటానికి అద్దంలా ఉంటాయి. కడుపు చెడగొట్టే జియార్డియా అనే సూక్ష్మజీవి కంటికి కనపడదు. గలగలా మరిగాక ఒక నిమిషం ఉంచండి, లేదా ఫిల్టర్ వాడండి. మరుగుదొడ్డి లేని చోట నీటికి 200 అడుగుల దూరంలో 6 నుంచి 8 అంగుళాల గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చండి. గిన్నెలు వాగులో తోమొద్దు, సబ్బు ఏ రకమైనా సరే.

అపోహ: ఇంటి వెనకున్న కట్టెలు తీసుకెళ్తే డబ్బు మిగులుతుంది, పొద్దున మంట దానంతటదే ఆరిపోతుంది.

ఇంటి కట్టెల్లో మన కంటికి కనపడని పురుగుల గుడ్లు, పిల్లలు ఉంటాయి. యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ పురుగు ఊళ్లు దాటింది ఎక్కువగా ఇలాగే. క్యాంప్‌గ్రౌండ్ దగ్గర అమ్మే, వేడి చేసి ముద్ర వేసిన కట్టెలే కొనండి. షైనింగ్ రాక్ లోపల అసలు మంటే వేయకూడదు.

ఆర్పడం మాత్రం నేను ఎవరికీ వదలను, ప్రతిసారీ దగ్గరుండి చేయిస్తాను. సామాను కారులో పెట్టడానికి గంట ముందే మొదలుపెడతాం. బకెట్ నీళ్లు పోయాలి, బుస్సుమన్న శబ్దం ఆగేదాకా. తరువాత కర్రతో అడుగు నుంచి కలియతిప్పాలి, ఎందుకంటే పైన బురదలా ఉన్నా అడుగున ఎర్రటి బొగ్గు ఉండనే ఉంటుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ కలపడం. అప్పుడు పిల్లల్లో పెద్దవాణ్ణి పిలిచి, నా చేయి పక్కన వాడి చేయి తిప్పి పట్టుకోమని, వెనుక వైపు బూడిదకు దగ్గరగా పెట్టిస్తాను. "ఇంకా వెచ్చగా ఉంది ఆంటీ" అంటాడు. సరే, ఇంకో బకెట్ తెమ్మంటాను.