మూడో అధ్యాయం నుంచి మొదలుపెట్టొద్దు

జమ్మలమడుగు

చిట్టీ, బుజ్జీ,

ఆదివారం బుజ్జి ఫోన్ చేసి, "అవ్వా, నేను పుట్టుకతోనే పాపినా? సండేస్కూల్లో అట్లా చెప్పారు" అంది. గొంతులో ఏడుపు ఉంది. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఆదాము, హవ్వ దేవుడు వద్దన్న పండు తిన్న కథ బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం మూడో అధ్యాయంలో ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టొద్దమ్మా. మొదటి అధ్యాయంలోనే దేవుడు స్త్రీనీ పురుషుణ్ణీ తన స్వరూపంలో చేశాడని ఉంది. రెండో అధ్యాయంలో నేలమట్టితో చేసి ఊపిరి ఊదాడని ఉంది. హీబ్రూలో నేలను 'అదామా' అంటారు, ఆదాము పేరు ఆ మాటను గుర్తుచేస్తుంది. ఒళ్లు చెడ్డది, ఆత్మ ఒక్కటే మంచిదని మన విశ్వాసం చెప్పదు. చర్చిలో అందరం కలిసి పలికే విశ్వాస ప్రమాణంలో, శరీర పునరుత్థానాన్ని, అంటే చనిపోయిన ఒళ్లు మళ్లీ లేస్తుందని, నమ్ముతున్నామని అందుకే చెప్పుకుంటాం.

నా చిన్నప్పుడు ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసు. టీ తాగి, మేమే కడిగి, బయట పెట్టి రావాలి. ఒక రాత్రి నేను మొదటి అధ్యాయం చదువుతుంటే, చదువురాని మా నాయన ఆ 'స్వరూపం' మాట మళ్లీ చదివించుకున్నాడు. "మనం కూడానా?" అని అడిగాడు.

కానీ మా చర్చిలోనే రెండు పేటలవాళ్లం చెరొక పక్క కూర్చునేవాళ్లం. అవతలి పేట పిల్ల మా చెంబుతో నీళ్లు తాగిపోతే, మా అమ్మ దాన్ని బూడిద వేసి మళ్లీ తోమింది. తోమడమే మంచిదనిపించింది నాకూ. గ్లాసు అవమానం తెలిసిన ఇల్లు మాది! మూడో అధ్యాయం అంటే నాకు ఆ చెంబే. చేయాలనుకున్న మేలు చేయక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని అపొస్తలుడు పౌలు కూడా బైబిల్లోని రోమా పత్రిక ఏడో అధ్యాయంలో బాధపడ్డాడు.

ఈ వంకర మనకెలా వచ్చిందనే దానిమీద సంఘాల మాట ఒకటి కాదు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ (354–430) ఆదాము దోషం కూడా మనకు వస్తుందన్నాడు. మనిషి తలచుకుంటే పాపం లేకుండా బతకగలడని ఆ కాలంలోనే బోధించిన పెలాగియస్ మాటను 418లో కార్తేజ్‌లో కూడిన బిషప్‌ల సభ తోసిపుచ్చింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలేమో మనకు వచ్చింది చావు, బలహీనత మాత్రమే, ఆదాము నేరం కాదంటాయి. నా మనసు వీళ్లవైపే. అయినా దేవుని కృప లేకుండా మనంతట మనం బాగుపడలేమన్న అగస్టీన్ మాటను కాదనలేను.

బుజ్జీ, పసిబిడ్డగా నువ్వేదో తప్పు చేశావని ఎవరూ అనడం లేదు. జలప్రళయం అయ్యాక, తొమ్మిదో అధ్యాయంలో, మనిషి ప్రాణం తీయొద్దనడానికి దేవుడు చెప్పిన కారణం చూడు. మనిషి తన స్వరూపమనే చెప్పాడు. మూడో అధ్యాయం మొదటిదాన్ని చెరిపేయలేదు. ఆ స్వరూపం నిండుగా ఎలా ఉంటుందో యేసులో చూడమంటారు. ఆయనకూ ఆకలేసింది, అలసిపోయి పడవలో నిద్రపోయాడు, లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు.

ఆ చెంబుతో నీళ్లు తాగిన పిల్ల ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంది, నా అంత ముసలిది. పోయిన నెల వెళ్లి క్షమించమని అడిగాను. తోమిన చప్పుడు ఆ రోజే విన్నదంట. చాలాసేపు నా చేయి వదల్లేదు.

సెలవులకు రండి, ఆమె దగ్గరికి తీసుకుపోతాను.

మీ అవ్వ