వేసవిలో లాంగ్ డ్రైవ్: టైర్లలో గాలి తగ్గించే అపోహ, ఇంకొన్ని

ఎండలు ముదిరి పిల్లలకు సెలవులు ఇచ్చారంటే మా వర్క్‌షాప్‌లో రోజూ వినే మాట ఒకటుంది. "అన్నా, లాంగ్ వెళ్తున్నాం. ఎండలు కదా, గాలి రెండు మూడు పాయింట్లు తక్కువే పెట్టు." నిన్నగాక మొన్న కారు కొన్నవాళ్లు అడుగుతారు, తల నెరిసిన డ్రైవర్లూ అడుగుతారు. అందరి లెక్కా ఒకటే. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, టైరు పేలుతుంది, కాబట్టి ముందే కొంచెం తీసేస్తే ఏ గొడవా ఉండదు.

పెట్రోలు, రూములు, తిండి అన్నీ కాగితం మీద లెక్కేసుకుని తక్కువలో ట్రిప్ ప్లాన్ చేసుకున్నవాళ్లను నిలువునా ముంచేది ఈ ఒక్క నమ్మకమే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మిగతావి పైపైన చెప్పి వదిలేస్తాను.

ఆ లెక్కలో మొదటి సగం నిజమే. అందుకే జనంలో ఇంతగా నాటుకుపోయింది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే టైరులో ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, మనం పాయింటు అనేది దీన్నే) పెరుగుతుంది. కానీ ఈ సంగతి కారు తయారు చేసినవాళ్లకు తెలియదా? డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. దాని మీద రాసింది చల్లటి టైరులో ఉండాల్సిన గాలి. చల్లటి టైరు అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదంటే ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. రోడ్డెక్కాక వేడికి నాలుగైదు పాయింట్లు పెరుగుతుందని తెలిసే ఆ నంబరు ఇచ్చారు. పొద్దున 33 పెట్టిన టైరు మధ్యాహ్నం 38 చూపిస్తే దానికేమీ రోగం రాలేదు. మంచి స్థితిలో ఉన్న టైరు ఇంతకు ఎన్నో రెట్ల ఒత్తిడిని తట్టుకుంటుంది.

మరి వేసవిలో ఇన్నేసి టైర్లు పేలుతున్నాయి కదా అంటారు. పేలుతున్నాయి. చాలావరకు గాలి తక్కువై పేలుతున్నాయి.

గాలి తక్కువున్న టైరు రోడ్డుకి ఆనిన చోట ఎక్కువగా నొక్కుకుపోతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, వంగి మళ్లీ లేస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకి 13 నుంచి 15 చుట్లు తిరుగుతుంది. ఇనప తీగను ఒకేచోట గబగబా అటూ ఇటూ వంచుతుంటే ఆ వంపు దగ్గర చెయ్యి కాలుతుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అదే. ఆ వేడి టైరు ఒంట్లోనే పుడుతుంది. పైన ఎండ, కింద కాగిన తారు దానికి తోడు. కొంతసేపటికి రబ్బరుకీ లోపలి స్టీల్ బెల్టులకీ మధ్య పట్టు వదిలిపోయి ట్రెడ్ (రోడ్డుకి ఆనే పై పొర) ఊడి వస్తుంది, లేదా సైడ్‌వాల్ చీలిపోతుంది. బయట చూసేవాళ్లకు వినిపించేది 'ఢాం' అనే చప్పుడే కాబట్టి, గాలి ఎక్కువై పేలిందని తీర్మానించేస్తారు.

'గాలి ఎక్కువై పేలింది' అని తెచ్చిన టైరును రిమ్ నుంచి విప్పి లోపల చెయ్యి పెడితే చాలాసార్లు నల్లటి రబ్బరు పొడి చేతికి అంటుకుంటుంది. సైడ్‌వాల్ లోపలి వైపు చుట్టూరా వేలెడు వెడల్పున నలిగిపోయిన పట్టీ కనిపిస్తుంది. గాలి సరిగా లేకుండా పరిగెత్తించిన టైరుకు అదే ఆనవాలు. ఎక్కువ గాలితో తిరిగిన టైరులో ఈ పొడి ఉండదు, అది నడిమధ్యలో అరిగి ఉంటుంది. ఇప్పుడు నా మాట మీద నమ్మకం లేనివాళ్లను పిలిచి, చెయ్యి పెట్టి చూడమంటున్నాను.

ఇదేదో మా షాపు వరకే ఉన్న సంగతి కూడా కాదు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. వాటిలో చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి, ట్రెడ్ ఊడిపోయి బండ్లు బోల్తా పడ్డాయి. టైర్లలో తయారీ లోపం ఉందన్నది ఒక వాదన. ఫోర్డ్ ఆ బండ్లకు 26 పీఎస్ఐ చాలని చెప్పడం, ఫైర్‌స్టోన్ 30 ఉండాలనడం ఇంకో గొడవ. ప్రమాదాలు ఎక్కువగా జరిగింది టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లో. వేడి, వేగం, బరువు, తక్కువ గాలి నాలుగూ కలిసిన చోట. ఆ ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చింది. కార్లలో గాలి తగ్గితే హెచ్చరించే లైటు తప్పనిసరి కావడం దాని ఫలితమే. గాలి 'పెరిగితే' వెలిగే లైటు ఎవరూ అడగలేదు, గమనించండి.

గాలి తగ్గించుకుని బయల్దేరడం కన్నా దారుణమైనది ఇంకొకటుంది. దారిలో ఆగినప్పుడు వేడి టైరు నుంచి గాలి తీయించడం. మా దగ్గరకు వచ్చే ఒక కుటుంబం కథ చెప్తాను. బయల్దేరేముందు నేనే చల్లటి టైర్లకు 33 పెట్టి పంపాను. మధ్యాహ్నం దారిలో ఒక పంక్చర్ షాపు దగ్గర ఆగితే అక్కడి కుర్రాడు గేజ్ పెట్టి, "39 ఉంది సార్, చాలా ఎక్కువ" అని నాలుగింటికీ 32కి దించేశాడు. వాళ్లు థ్యాంక్స్ కూడా చెప్పారట. రాత్రి టైర్లు చల్లారాక లోపల మిగిలింది 26, 27. మర్నాడు ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, హైవే వేగం. వెనక ఎడమ టైరు ట్రెడ్ ఊడిపోయింది. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రెండు కొత్త టైర్లు, బండిని లాక్కెళ్లిన ఖర్చు, అనుకోని ఊళ్లో ఒక రాత్రి రూము... చవక రూములు వెతికి వెతికి మిగుల్చుకున్నదంతా అక్కడే పోయింది.

అందుకే వేడి టైరు నుంచి గాలి తీయనివ్వకండి. ఎంత చూపించినా సరే. తగ్గినట్టు కనిపిస్తే మాత్రం నింపించుకోండి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ సరి చూసుకోండి.

ఈమధ్య డ్యాష్‌బోర్డ్ మీదే నాలుగు టైర్ల నంబర్లు కనిపిస్తుండటంతో కొత్త టెన్షన్ మొదలైంది. ఒక అబ్బాయి దారి పొడుగునా ఫోన్లు. "అన్నా, 36 అయింది." "అన్నా, ఇప్పుడు 38. పిల్లలున్నారు కార్లో, ఆపేయనా?" విసుక్కోవడానికి నోరు రాదు, పసిపిల్లల్ని వెనక కూర్చోబెట్టుకున్న తండ్రికి ఆ భయం సహజం. అతనికి చెప్పిందే మీకూ చెప్తాను. నాలుగూ కలిసి పెరుగుతుంటే హాయిగా వెళ్లండి. మూడు పెరిగి ఒకటి అక్కడే ఉండిపోయినా, కిందికి జారుతున్నా, ఆపి చూడాల్సింది దాన్ని. ఇంకో విషయం, చాలా కార్లలో హెచ్చరిక లైటు వెలిగేది గాలి 25 శాతం తగ్గాకే. అంటే 32 ఉండాల్సిన టైరు 24కి వచ్చేదాకా లైటు రాకపోవచ్చు. లైటు వెలగలేదు కాబట్టి గాలి సరిగ్గా ఉందనుకోవద్దు.

మా బాబాయి జీవితమంతా వ్యాను నడిపాడు. ఇప్పటికీ మండు వేసవిలో నా దగ్గరకొచ్చి, "ఒరేయ్, వెనకవి కాస్త దించు" అంటాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన చూసిన టైర్లు ట్యూబులవి, ప్యాచ్ మీద ప్యాచ్ వేసినవి. వేడికి ప్యాచ్ ఊడితే నడిరోడ్డు మీద బండి ఆగిపోయేది. ఆ రోజుల్లో ఒకరినుంచి ఒకరు నేర్చుకున్న జాగ్రత్త ఇది. "బాబాయ్, ఇవి ఆ టైర్లు కావు" అంటే, "నీ ఇష్టంరా, చదువుకున్నోడివి" అని మొహం తిప్పుకుంటాడు. నేను మాత్రం స్టిక్కర్ మీద ఉన్నంత కొట్టే పంపిస్తాను.

ఆ స్టిక్కర్‌ని ఒకసారి సరిగ్గా చూడండి. చాలావాటిలో రెండు వరసలుంటాయి. ఒకటి ఇద్దరు ముగ్గురు మనుషులకు, ఇంకోటి నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటికి. రెండో వరసలో, ముఖ్యంగా వెనక టైర్లకు, నంబరు ఎక్కువుంటుంది. ట్రిప్‌కి వెళ్లేటప్పుడు మీకు వర్తించేది రెండోది. అంటే జనం తగ్గించమని అడిగే రోజునే నిజానికి పెంచాలి. అలాగని టైరు పక్కన అచ్చువేసిన పెద్ద పీఎస్ఐ నంబరు చూసి అంత కొట్టించకండి, అది ఆ టైరుకు గరిష్ఠ పరిమితి, మీ కారుకు చెప్పిన కొలత కాదు.

నైట్రోజన్ నింపిస్తే వేడికి ఒత్తిడి పెరగదంటారు. పెరుగుతుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, అంతవరకే లాభం. దారిలో అది దొరక్కపోతే మామూలు గాలి కలిపితే ఏమీ కాదు. నైట్రోజన్ కోసం వెతుక్కుంటూ గాలి తక్కువున్న టైరుతో తిరిగేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

పెట్రోలు మిగుల్చుకునే చిట్కాల్లో సగం ఉత్తవే. దిగుడు రోడ్డులో న్యూట్రల్‌లో వదిలేస్తే ఆదా అనేది పాత కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటి మాట. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఇంజిన్ ఊరికే తిరగడానికి (ఐడిలింగ్) పెట్రోలు తాగుతాయి. పైగా ఘాట్ రోడ్డులో ఇంజిన్ పట్టు లేక బరువంతా బ్రేకుల మీద పడి, అవి కాగిపోయి పట్టు వదిలేస్తాయి. తెల్లవారుజామున పెట్రోలు చిక్కగా ఉంటుందంటారు, బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, దానికి పొద్దున్నా మధ్యాహ్నమన్నా పెద్ద తేడా తెలియదు. వేసవిలో ఫుల్ ట్యాంక్ చేయిస్తే పేలుతుందనేది పుకారు. ట్యాంకులో వ్యాకోచానికి జాగా వదిలే తయారు చేస్తారు. గన్ను దానంతట అదే ఆగిపోయాక ఇంకో రెండు నొక్కులు నొక్కించకండి చాలు. ఏసీ మాటకొస్తే, ఊళ్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు అద్దాలు దించుకోండి, హైవే మీద అద్దాలు ఎత్తి ఏసీ వేసుకోండి.

నిజంగా పెట్రోలు తాగేది పైన కట్టిన సామాను, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పైన పెద్ద బాక్సు పెట్టుకుని గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో వెళ్తే మైలేజీ 10 నుంచి 25 శాతం దాకా పడిపోతుంది. అదే బరువు డిక్కీలో పెడితే 45 కిలోలకు పోయేది ఒక శాతం. సామాను తగ్గించుకోండి. తగ్గకపోతే లోపలే సర్దండి. ఖాళీ క్యారియర్ అయినా సరే, అవసరం లేనప్పుడు విప్పించేయండి.

బయల్దేరే ముందు రోజు ఫుల్ సర్వీస్ చేయిస్తే నిశ్చింత అనుకుంటారు. మా పనివాళ్లు ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒక క్లాంపు వదులుగా ఉండొచ్చు, ఒక సీలు చెమ్మగిల్లొచ్చు. అది బయటపడాల్సింది మీ ఊళ్లో, వంద కిలోమీటర్ల అవతల కాదు. వారం ముందే చేయించి, రోజూ తిప్పి చూసుకోండి. ట్రిప్ అనగానే ఇంజిన్ ఫ్లష్ అనీ, ఇంకేదో కోటింగ్ అనీ అంటగడితే వద్దనండి. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), బెల్టులు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, టైర్లు చూస్తే చాలు. కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోస్తే ఏమవుతుందని అడుగుతారు. నీళ్లు తొందరగా మరుగుతాయి, లోపల తుప్పు పడుతుంది. అత్యవసరానికి పోసుకున్నా, తర్వాత మార్పించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ పోసే మూత మాత్రం తిప్పొద్దు.

రూము ఖర్చు కలిసొస్తుందని రాత్రంతా నడిపేవాళ్లకు ఒక్క మాట. పాటలు పెట్టడం, అద్దం దించడం నిద్రను ఆపవు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి తీరు మందు తాగినవాడి తీరులాగే మారుతుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. కళ్లు మూతపడుతుంటే సురక్షితమైన చోట ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి. అసలు ఆ రూము డబ్బులు బడ్జెట్లో ముందే వేసుకోండి.

స్టెప్నీ చెక్ చేశారా అంటే అందరూ "ఉంది అన్నా" అంటారు. ఉంటుంది, గాలే ఉండదు. సన్నగా ఉండే టెంపరరీ స్టెప్నీ అయితే దానికి సాధారణంగా 60 పీఎస్ఐ కావాలి, దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. అలాయ్ చక్రాలకు దొంగల భయంతో లాక్ నట్లు వేయించుకున్నవాళ్లు, వాటి తాళం సాకెట్ కార్లోనే ఉందో, ఇంట్లో బీరువాలో ఉందో ఇవాళే చూసుకోండి.