దక్షిణ యూరప్‌లో ఇద్దరే నెల రోజులు: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా విజయవాడలో ఉండి జంటలకి యూరప్ ప్రయాణాలు ప్లాన్ చేసి పెడుతున్నాను. ఎక్కువగా వచ్చేది పిల్లలు స్థిరపడి, ఉద్యోగం నుంచి రిటైరై, "ఇక మేమిద్దరం కాస్త తిరిగొస్తాం" అనుకునే దంపతులే. ఇటలీ, గ్రీస్, స్పెయిన్ అనగానే వాళ్ల నోట వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: నెల రోజులుంటే ఏడెనిమిది దేశాలు చుట్టేయొచ్చు.

చుట్టొచ్చు, కానీ చూడలేరు. ఊరు మారిన ప్రతిసారీ దాదాపు ఒక రోజు పోతుంది. పొద్దున పదకొండుకల్లా గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడు దాకా గది ఇవ్వరు. నడుమ పెట్టెలు లాక్కుంటూ రాళ్లు పరిచిన సందుల్లో నడక. పాత భవనాల్లో చాలా చోట్ల లిఫ్ట్ ఉండదు, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న వాళ్లు బుక్ చేసే ముందే అడగాలి.

28 రాత్రులకి నేను సాధారణంగా రెండు దేశాలే వేస్తాను. రోమ్ 5 రాత్రులు, నేపుల్స్ 4, సిసిలీలో పలెర్మో 4, సిరక్యూజ్ 4. తర్వాత విమానంలో ఏథెన్స్‌కి వెళ్లి 2 రాత్రులు, గ్రీకు ద్వీపాలు సాంటొరిని 3, నాక్సోస్ 4, మళ్లీ ఏథెన్స్ 2. నేపుల్స్ నుంచి సిసిలీకి రైల్లోనే వెళ్లమంటాను. ఇటలీ నేలకి, సిసిలీ దీవికి నడుమనున్న మెస్సీనా జలసంధి దగ్గర రైలు బోగీలనే ఓడలోకి ఎక్కించి అవతలి ఒడ్డుకి చేరుస్తారు. మీరు పైకెక్కి ఓడ డెక్ మీద నిలబడి సముద్రం చూస్తుంటే, మీ రైలు కింద పట్టాల మీద ఉంటుంది. ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

అపోహ: బెజవాడ ఎండలు చూసిన మనకి అక్కడి ఎండలు ఒక లెక్కా?

లెక్కే. 2021 ఆగస్టు 11న సిరక్యూజ్ దగ్గర 48.8 డిగ్రీలు నమోదైంది, యూరప్ ఖండంలో అదే రికార్డు. 2023 జూలైలో వడగాడ్పులకి ఏథెన్స్‌లో పురాతన గుడులున్న గుట్ట అక్రోపొలిస్‌ని మధ్యాహ్నం పూట మూసేశారు. ఇక్కడ మే నెలలో మధ్యాహ్నం మనం గడప దాటం. అక్కడ మాత్రం నీడ లేని రాతి గుట్ట మీద రెండు గంటలు నిలబడతాం. పిల్లల సెలవులతో పని లేని జంటలు జూలై, ఆగస్టు ఎంచుకోవడం చూస్తే నాకు బాధనిపిస్తుంది. సెప్టెంబరులో వెళ్లండి. ఎండ తగ్గుతుంది, సముద్రపు నీళ్లు మాత్రం జూన్ కన్నా వెచ్చగా ఉంటాయి.

అపోహ: ద్వీపాల మధ్య ఓడలు మన ఆర్టీసీ బస్సుల్లాంటివి, ఒకటి పోతే ఇంకొకటి.

రాజమండ్రి దంపతులని నాక్సోస్‌లో చివరి రాత్రి ఉంచి, మర్నాడు పొద్దున ఓడలో ఏథెన్స్ చేరి సాయంత్రం ఫ్లైట్ ఎక్కేలా వేశాను. ఆ పొద్దున ఆవిడ ఫోన్ చేశారు. "అమ్మా, ఎండ ఫెళ్లున కాస్తోంది, మబ్బు తునక కూడా లేదు, ఓడ లేదంటున్నారు." అది మెల్తెమి గాలి. వేసవిలో ఉత్తరం నుంచి వీస్తుంది, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే సముద్రాన్ని అల్లకల్లోలం చేస్తుంది. గాలి ఒక స్థాయి దాటితే పోర్టు అధికారులు ఓడల్ని కదలనివ్వరు. ఫ్లైట్ పోయింది, కొత్త టికెట్లు కొనాల్సి వచ్చింది. ఆ ప్లాన్ వేసింది నేనే. అప్పటి నుంచి చివరి రెండు రాత్రులు ఏథెన్స్‌లోనే ఉంచుతున్నాను. పై లెక్కలో మీరు చూసింది అదే.

అపోహ: వీసా మీద ఉన్న తేదీల మధ్య ఎన్నాళ్లైనా ఉండొచ్చు.

స్టిక్కర్ మీద తేదీలు వేరు, ఉండగలిగే రోజుల సంఖ్య వేరు. తేదీలు నలభై రోజులకి ఉన్నా, రోజుల గడిలో 28 అని ఉంటే 28 రోజులే. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి, కాబట్టి పై 28 రాత్రుల ప్లాన్‌కి 29 రోజులు కావాలి. దరఖాస్తు ఎక్కువ రోజులుండే దేశానికి చేయాలి, పై ప్లాన్‌కైతే ఇటలీకి. ఇంకో సంగతి. గ్రీకు ద్వీపం కోస్ నుంచి టర్కీలోని బోద్రుమ్ కనుచూపు మేరలోనే ఉంటుంది, ఓడ టికెట్ కూడా సులభంగా దొరుకుతుంది. కానీ ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో టర్కీ లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో అటు దాటితే తిరిగి రానివ్వరు.

అపోహ: శాకాహారులు బ్రెడ్డు, పళ్లతో నెట్టుకురావాలి.

ఈ ఒక్క భయంతో ప్రయాణమే మానుకున్న వాళ్లున్నారు. సాంటొరినిలో ఫావా అని అడగండి. పసుపుపచ్చని పప్పుని మెత్తగా ఉడికించి మెదిపి, పైన ఆలివ్ నూనె పోసి ఉల్లిపాయ ముక్కలు చల్లి తెస్తారు. అచ్చం మన ముద్దపప్పే. ఒకావిడ దాన్లోకి ఆవకాయ నంజుకుని తింటూ నాకు ఫొటో పంపారు. పలెర్మో వీధుల్లో పనెల్లె దొరుకుతాయి. శనగపిండిని ఉడికించి, ఆరనిచ్చి, పల్చటి ముక్కలు కోసి, నూనెలో వేయించి బన్నులో పెట్టిస్తారు.

గ్రీకు క్రైస్తవులకి ఉపవాస దినాలు బోలెడు, అందుకే మాంసం, పాలు, గుడ్లు లేని వంటలు వాళ్లకి మామూలే. వాటిని నిస్తీసిమా అంటారు. అయితే రొయ్యలు, స్క్విడ్ ఉపవాసంలో నిషిద్ధం కాదు, అడిగి తీసుకోండి. ఇటలీలో పార్మెజాన్ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో. పట్టింపు ఉన్నవాళ్లకి ఇది ముందే చెబుతాను. స్పెయిన్‌లో మరీ జాగ్రత్త. 'వెహెతాల్' (కూరగాయలది) అని రాసున్న శాండ్‌విచ్‌లో కూడా తరచుగా ట్యూనా చేప ఉంటుంది. 'సిన్ అతూన్, సిన్ హమోన్' అంటే ట్యూనా చేప వద్దు, హ్యామ్ (పంది మాంసం) వద్దు అని. స్పానిష్‌లో చీటీ మీద రాయించుకుని, ఆర్డర్ ఇచ్చే ముందే చూపించండి.