నాచు పట్టిచ్చిన కొలిమి

ప్రియమైన పిల్లలకు,

ఫ్యాక్టరీలున్న ఊళ్లో గాలి పాడైందని వార్త వస్తే, పక్కనే ఒక పెద్ద పొగగొట్టం ఫొటో కూడా వేస్తారు. చూసినవాళ్లంతా దోషి దొరికాడనుకుంటారు. నాకు ఆ ఫొటోల మీద పెద్దగా నమ్మకం లేదు. తెల్లగా ఎగసిపడేది చాలాసార్లు ఉత్త నీటి ఆవిరే. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే లోహపు ధూళి అసలు కంటికి ఆనదు. ఒక్కో రేణువు తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మరి కనిపించని ధూళి ఎక్కడ పుట్టిందో ఎలా తేలుస్తారు?

ముందు లోహం మొండితనం సంగతి తెలియాలి. కట్టె, నూనె, ప్లాస్టిక్ కాలితే వేరే పదార్థాలుగా మారిపోతాయి. సీసాన్ని కాల్చినా, కరిగించినా, వానలో నానబెట్టినా సీసం సీసంగానే మిగులుతుంది. అందుకే అది నేల మీద పడితే ఏళ్లకు ఏళ్లు అక్కడే ఉంటుంది. మట్టిలో ఆడుకుని చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు అదే పెద్ద ప్రమాదం. కానీ వెతికేవాళ్లకు ఈ మొండితనమే కలిసొస్తుంది. ఆనవాలు చెరిగిపోదు కదా.

పరిశోధకులు ఒక్క లోహాన్ని పట్టుకుని తీర్పు చెప్పరు. ఏవేవి జట్టుగా పెరుగుతున్నాయో, జట్టుగా తగ్గుతున్నాయో చూస్తారు. వెనేడియం, నికెల్ కలిసి కనిపిస్తే ఓడల్లోనో బాయిలర్లలోనో చిక్కటి ఫర్నేస్ ఆయిల్ కాలుస్తున్నారని అనుమానిస్తారు. రాగి, యాంటిమొనీ, బేరియం కలిసి వస్తే అది చాలావరకు బండ్ల బ్రేకులు అరిగిన పొడి. ఇనుముతో పాటు మాంగనీసు పెరిగితే ఉక్కు పని జరిగేచోటు వెతుకుతారు. సీసం బాగా ఎక్కువుంటే పాత బ్యాటరీలు కరిగించే చోట్లు చూస్తారు. బేరియం ఒక్కటే చూసి బ్రేకులని తేల్చేశారనుకోండి, ఆ రాత్రి ఎవరో బాణసంచా కాల్చి ఉండొచ్చు! ఆకుపచ్చ వెలుగు వచ్చేది బేరియం నుంచే.

సీసానికి ఇంకో గుర్తు కూడా ఉంది. అందులో బరువును బట్టి 204, 206, 207, 208 అని పిలిచే నాలుగు రకాల పరమాణువులు కలిసి ఉంటాయి. ఆ పాళ్లు గనిని బట్టి మారతాయి. కొలిమిలో కరిగించినా ఆ పాళ్లు దాదాపు అలాగే ఉంటాయి. అందుకే గాలిలో దొరికిన సీసం ఒకప్పుడు దాన్ని కలిపి అమ్మిన పెట్రోలు నుంచి వచ్చిందా, బొగ్గు నుంచా, కరిగింపు కొలిమి నుంచా అన్నది చాలా సందర్భాల్లో విడదీసి చెప్పగలిగారు.

పేరు తెలిసినా చిరునామా తెలియాలి కదా. గంట గంటకూ లోహం కొలిచి, ఆ గంటలో గాలి ఎటు నుంచి వీచిందో పక్కన రాసుకుంటే కొంత తెలుస్తుంది. కానీ మంచి యంత్రాలు ఖరీదు. నగరం మొత్తానికీ కొన్నే ఉంటాయి. కొలత పెట్టని వీధి గురించి ఎవరికీ ఏమీ తెలియదు. నా దృష్టిలో ఈ పనిలో అసలు చిక్కు ఇదే.

దీన్ని అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఇద్దరు శాస్త్రవేత్తలు తెలివిగా దాటారు. సారా జోవన్, జెఫ్రీ డోనవన్ అక్కడి అటవీ శాఖ పరిశోధకులు. వాళ్లు యంత్రాల కోసం ఎదురుచూడకుండా చెట్ల బెరడు మీద పెరిగే నాచును వాడుకున్నారు. నాచుకు మట్టిలోకి దిగే నిజమైన వేర్లు ఉండవు. నీళ్లూ ఆహారమూ వాననుంచీ గాలినుంచీ తీసుకుంటుంది. వాటితో పాటు వచ్చిన లోహాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది. స్వీడన్‌లో 1960ల చివరి నుంచే ఈ పద్ధతి ఉంది. వీళ్లు దాన్ని ఒక నగరంలో, వీధుల స్థాయికి దించారు. 2013 డిసెంబరులో 346 నమూనాలు సేకరించి, ల్యాబ్‌లో లోహాలు కొలిపించి, నగరం మ్యాపు మీద పెట్టారు.

కాడ్మియం అనే విషపు లోహం రెండు చోట్ల కుప్పగా కనిపించింది. ఆ రెండు చోట్లా ఉన్నవి పెద్ద ఉక్కు ఫ్యాక్టరీలు కావు, రంగు గాజు పలకలు చేసే కార్ఖానాలు. గాజుకు పసుపు, నారింజ, ఎరుపు రంగులు తెప్పించడానికి కాడ్మియం కలుపుతారు. కరిగిన గాజులో బుడగలు పోవడానికి ఆర్సెనిక్ అనే ఇంకో విషపదార్థం వేసేవాళ్లు. కొలిమి వేడికి రెండూ ఆవిరై బయటికి పోతాయి. అప్పటి నిబంధనల ప్రకారం అలాంటి చిన్న కొలిమిలకు వడపోత తప్పనిసరి కాదనే రాష్ట్ర అధికారులు అనుకున్నారు. అంటే ఎవరూ అడ్డు చెప్పకుండానే ఇదంతా జరిగింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్న సంగతి అది.

అయితే నాచులో ఇంత ఉందంటే గాలిలో అంతే ఉందని అర్థం కాదు. యంత్రం ఎక్కడ పెట్టాలో మాత్రం అది చూపించింది. 2015 అక్టోబరులో ఒక కార్ఖానా దగ్గర రాష్ట్ర పర్యావరణ శాఖ గాలి కొలిచింది. కాడ్మియం సగటున రాష్ట్రం పెట్టుకున్న ప్రమాణానికి 49 రెట్లు, ఆర్సెనిక్ 159 రెట్లు ఉన్నాయి. అంకెలు చూసి హడలిపోకండి. ఆ ప్రమాణాలు జీవితకాలం పీల్చే గాలి కోసం పెట్టుకున్నవి, చాలా కఠినమైనవి. ఆర్సెనిక్‌కు ఘనపు మీటరు గాలిలో 0.2 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అయినా 159 రెట్లు చిన్న విషయం కాదు. 2016 ఫిబ్రవరిలో సంగతి బయటపడింది, కార్ఖానా ఆ లోహాల వాడకం ఆపింది, కొలతలు దిగాయి. 2018లో ఆరెగాన్ రాష్ట్రం పరిశ్రమల విషపు గాలి మీద కొత్త నిబంధనలు తెచ్చింది.

మేమూ నాచు గీకి చూస్తాం అంటారేమో, ల్యాబ్ లేకుండా దానివల్ల ఏమీ తేలదు. మీరు చేయగలిగిన పని ఇంకోటి ఉంది. ఘాటు వాసనో, కిటికీ మీద కొత్త ధూళో కనిపించినప్పుడు తేదీ, గంట, గాలి వీచే దిక్కు నోటుబుక్కులో రాయండి. యంత్రం కొలతలతో పోల్చడానికి అలాంటి రాతలు పనికొస్తాయి. ఏమీ లేని రోజులు కూడా రాయాలి సుమా. అవి లేకపోతే ఏ గాలికి వాసన వస్తోందో, ఏ గాలికి రావడం లేదో విడదీయడం కుదరదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య